ఎర్నెస్ట్ అబే: వెలుగు హద్దును లెక్కగట్టిన మిల్లు కార్మికుడి కొడుకు

జ్వరం తగ్గకపోతే డాక్టర్ మలేరియా పరీక్ష రాస్తారు. ల్యాబ్‌లో టెక్నీషియన్ గాజు పలక మీద రక్తం పూసి, రంగు వేసి ఆరబెట్టి, దాని మీద ఒక నూనె చుక్క వేసి మైక్రోస్కోప్ కింద పెడతాడు. టీబీ కోసం మామూలు పద్ధతిలో తెమడ పరీక్ష చేసినా అంతే, నూనె చుక్క ఉండాల్సిందే. ఆ నూనె ఎందుకని మనం ఎప్పుడూ అడగం. అది లేకపోతే ఆ పెద్ద లెన్స్ కింద క్రిమి స్పష్టంగా కనబడదు. ఆ నూనె ఎంత పని చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో లెక్కగట్టి చెప్పిన మనిషి పేరు ఎర్నెస్ట్ అబే. జర్మనీలో 1840లో పుట్టి, 1905లో కన్నుమూశాడు.

వెలుగు శాస్త్రం అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చే పేరు ఇబ్న్ అల్ హైథమ్. వెయ్యేళ్ల కిందట కైరోలో ఆయన రాసిన కితాబుల్ మనాజిర్ లాటిన్‌లోకి వెళ్లి యూరప్ పండితులకు చూపు గురించి పాఠం చెప్పింది. అబే ఆ దారిలోనే చాలా కాలం తర్వాత వచ్చినవాడు. ఆయన కొత్తగా చేసినవి రెండు పనులు. ఒకటి, లెన్స్‌ను చేసి చూడడం కాదు, ముందు కాగితం మీద లెక్కగట్టి ఆ తర్వాతే చేయడం. రెండోది, ఎంత గొప్పగా చేసినా ఆ పరికరం ఎంతవరకు చూడగలదో అంకెల్లో చెప్పడం. ఈ రోజు వెంట్రుక కన్నా ఎంతో సన్నని కాంతి పరికరాలను కంప్యూటర్ మీద డిజైన్ చేసేవాళ్లు కూడా ఈ రెండు పనులే చేస్తున్నారు.

అబే జీవితంలో మూడో పని కూడా ఉంది. అది ఫ్యాక్టరీ కార్మికుల సంగతి. అది తెలియకపోతే మనిషి సగమే తెలిసినట్టు.

నూలు మిల్లు దగ్గర బాల్యం

అబే 1840 జనవరి 23న ఐజెనాఖ్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తండ్రి అక్కడి నూలు మిల్లులో పనిచేసేవాడు. పని రోజుకు 14 గంటలు. గిరాకీ బాగున్న రోజుల్లో 16 గంటలు. మధ్యాహ్నం భోజనానికి విరామం లేదు. అబే, ఆయన చెల్లెలు వంతులేసుకుని ఇంటి నుంచి అన్నం గిన్నె తీసుకెళ్లేవాళ్లు. తండ్రి మిషన్‌కు ఆనుకుని నిలబడే నాలుగు ముద్దలు తిని, గిన్నె పిల్లల చేతిలో పెట్టి మళ్లీ పనిలో పడేవాడు.

తండ్రి మామూలు మనిషి కాదు, మంచి ఒడ్డూ పొడుగూ, బలం ఉన్నవాడు. అలాంటి మనిషి 48 ఏళ్లకే ముసలివాడైపోయాడు. అంత బలం లేని తోటి కార్మికులైతే ఇంకా ముందే, 40 దాటకుండానే ఒంగిపోయారు. ఇదంతా ఆ పిల్లవాడు రోజూ కళ్లారా చూశాడు. ఎన్నో ఏళ్ల తర్వాత పెద్ద పేరు వచ్చాక కూడా ఈ సంగతి సభల్లో దాచుకోకుండా చెప్పేవాడు.

పిల్లవాడు చదువులో చురుకు. మిల్లు యజమాని అది గమనించి చదువుకు సాయం చేశాడు. ఆ సాయంతో, ఇంట్లో పెట్టిన పొదుపుతో హైస్కూల్ పూర్తయింది. 1857లో యేనా విశ్వవిద్యాలయంలో చేరాడు. తర్వాత గాటింగెన్ వెళ్లాడు. అక్కడ విద్యుత్ శాస్త్రంలో పేరున్న వెబర్, గణితంలో మహామేధావి రీమాన్ దగ్గర చదువుకున్నాడు. 1861లో, 21 ఏళ్లకే డాక్టరేట్ వచ్చింది.

కొంతకాలం ఫ్రాంక్‌ఫర్ట్‌లో పనిచేసి 1863లో యేనాకు తిరిగొచ్చి పాఠాలు చెప్పే అర్హత కోసం ఒక గ్రంథం రాశాడు. కొలతల్లో వచ్చే తప్పులు ఎలా పంచుకుపోతాయన్నదే దాని విషయం. ఇవాళ స్టాటిస్టిక్స్ చదివే పిల్లలకు కై స్క్వేర్ అనే పేరుతో తెలిసిన లెక్క అందులోనే ఉంది. కొలతలో తప్పు ఎంతవరకు మనది, ఎంతవరకు తప్పించుకోలేనిది అన్న ఆలోచన అప్పుడే ఆయన బుర్రలో నాటుకుంది. తర్వాత మైక్రోస్కోప్ దగ్గర అదే అక్కరకొచ్చింది.

జైస్ దుకాణంలో చిక్కుముడి

యేనా ఊళ్లోనే కార్ల్ జైస్ అనే మెకానిక్ ఉండేవాడు. ఇవాళ కళ్లద్దాల మీద, కెమెరా లెన్స్‌ల మీద కనిపించే జైస్ పేరు ఆయనదే. 1846లో చిన్న వర్క్‌షాప్‌తో మొదలుపెట్టి, మైక్రోస్కోపులు చేసి విశ్వవిద్యాలయం వాళ్లకు అమ్మేవాడు. సరుకు మంచిదని పేరు వచ్చింది. కానీ ఆయన మనసులో ఒక అసంతృప్తి ఉండేది.

ఆ రోజుల్లో మైక్రోస్కోప్ లెన్స్ చేయడం అంటే చేతివాటం. ఒక లెన్స్ అరగదీస్తారు, ఇంకోదానితో జత చేసి చూస్తారు, బొమ్మ బాగా రాకపోతే తీసేసి వేరేది పెడతారు. అలా మార్చి మార్చి ఎక్కడో ఒకచోట కుదిరితే ఆపేస్తారు. ఒక మైక్రోస్కోప్ అద్భుతంగా వచ్చేది, దాని పక్కదే అంతంతమాత్రం. ఎందుకు బాగుందో, ఎందుకు బాగలేదో చేసినవాడికీ తెలియదు. టెలిస్కోపుల విషయంలో ఫ్రాన్‌హోఫర్ అనే జర్మన్ నిపుణుడు అంతకుముందే లెక్కలు వాడి చూపించాడు. మైక్రోస్కోప్ లెన్స్‌లు మరీ చిన్నవి, మరీ గుండ్రం. వాటి లెక్క ఎవరికీ కొరుకుడు పడలేదు.

1866లో జైస్ ఈ చిక్కుముడి విప్పమని 26 ఏళ్ల అబేను అడిగాడు. అబే ఒప్పుకున్నాడు.

అప్పట్లో కంప్యూటర్లు లేవు, క్యాలిక్యులేటర్లు లేవు. కాగితం, లాగరిథమ్ పట్టికలు, ఓపిక, ఇవే సాధనాలు. ఒక కాంతి కిరణాన్ని ఊహించుకోవాలి. అది మొదటి గాజు ఉపరితలం మీద ఏ కోణంలో పడి ఎంత వంగుతుందో లెక్కగట్టాలి. రెండో ఉపరితలం దగ్గర మళ్లీ లెక్క. ఒక లెన్స్ గొట్టంలో అలాంటి ఉపరితలాలు బోలెడు. ఒక కిరణం పూర్తయ్యాక ఇంకో కిరణం, ఇంకో రంగు. చివరికి కిరణాలన్నీ ఒకే చుక్క దగ్గర కలవకపోతే వంపు మార్చి మొదటినుంచి చేయాలి. మెహనత్ అంటే అదీ.

లెక్క ఒక్కటే ఉంటే చాలదని కూడా అబేకు తెలుసు. కాగితం మీద రాసిన వంపు గాజు మీద నిజంగా వచ్చిందో లేదో కొలవాలి. అందుకని కొత్త కొలత పరికరాలు తయారుచేశాడు. గాజు కాంతిని ఎంత వంచుతుందో కొలిచే అబే రిఫ్రాక్టోమీటర్ అందులో ఒకటి. కాలేజీ ల్యాబ్‌లలో, చక్కెర పరిశ్రమలో అది ఇప్పటికీ ఉంది. వర్క్‌షాప్‌లో ఆగస్ట్ లోబర్ అనే ఫోర్‌మన్ చేతిపనిలో దిట్ట. అబే రాసిన అంకెలను గాజులోకి దించింది ఆయన లాంటి పనివాళ్లే. పండితుడి లెక్క, కార్మికుడి చెయ్యి కలిస్తేనే పని నడిచింది.

లెక్క సరిగ్గా ఉంది, బొమ్మ మాత్రం రాలేదు

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. అబే మొదట లెక్కగట్టిన లెన్స్‌లు ఆశించినట్టు పనిచేయలేదు.

ఆయన ఆలోచన సబబుగానే ఉంది. లెన్స్ అంచుల నుంచి వచ్చే కిరణాలే ఎక్కువ తప్పుదారి పడతాయి. కాబట్టి లెన్స్ తీసుకునే కాంతి కోణాన్ని కాస్త ఇరుకు చేస్తే తప్పులు తగ్గి బొమ్మ స్పష్టంగా రావాలి. అలాగే చేశారు. తప్పులు తగ్గాయి. కానీ సన్నని గీతలు కనిపించడం మానేశాయి. లెక్కాపత్రం లేకుండా చేసిన పాత వెడల్పు కోణం లెన్స్‌లలో మాత్రం ఆ గీతలు కనిపిస్తున్నాయి!

వేరే ఎవరైనా అయితే లెక్క తప్పని వదిలేసేవారు, లేదా పనివాడి మీద నెపం వేసేవారు. అబే రెండూ చేయలేదు. లెక్క సరిగ్గా ఉండి, పని సరిగ్గా ఉండి, ఫలితం రాలేదంటే మనం అనుకున్న సూత్రంలోనే ఏదో లోటు ఉంది అనుకున్నాడు.

లోటు ఏమిటంటే, కాంతిని ఆయన అప్పటిదాకా గీతల్లాగా, అంటే కిరణాల్లాగా లెక్కగట్టాడు. కాంతి నిజానికి అల. చెరువులో అలలు ఒక ఇరుకు సందులోంచి వెళ్తే అవతల పక్కలకు విచ్చుకుంటాయి కదా. అలాగే కాంతి కూడా సన్నని గీతల మధ్య నుంచి వెళ్తే పక్కలకు విచ్చుకుంటుంది. దీన్ని పాఠ్యపుస్తకాల్లో వివర్తనం అంటారు. గీతలు ఎంత దగ్గరగా ఉంటే కాంతి అంత వెడల్పుగా పక్కలకు పోతుంది. ఆ గీతల సమాచారమంతా పక్కలకు పోయిన కాంతిలోనే ఉంటుంది. నేరుగా వచ్చే కాంతితో పాటు పక్కకు పోయిన కాంతిలో కొంతైనా లెన్స్ పట్టుకోవాలి. పట్టుకోకపోతే గీతలు ఉన్నా బొమ్మలో రావు. కోణం ఇరుకు చేసినప్పుడు జరిగింది అదే. పక్క కాంతి లెన్స్ బయటే పోయింది.

అబే దీన్ని మాటలతో వదిలేయలేదు, చేసి చూపించాడు. సన్నని గీతలున్న పలకను మైక్రోస్కోప్ కింద పెట్టి, లెన్స్ వెనక పక్క కాంతిని చిన్న తెరతో అడ్డుకున్నాడు. గీతలు మాయమయ్యాయి. అడ్డం పెట్టే తీరు మార్చితే లేని గీతలు కూడా కనబడ్డాయి, ఉన్నవాటికి రెట్టింపు. మైక్రోస్కోప్‌లో కనబడేదల్లా నిజమని నమ్మేవాళ్లకు అది పెద్ద పాఠం.

వెలుగు గీసిన హద్దు

1873లో అబే ఈ సంగతులన్నీ ఒక వ్యాసంగా ప్రచురించాడు. అందులో ఒక్క సమీకరణం లేదు, అంతా మాటల్లోనే. సారాంశం ఇది. మైక్రోస్కోప్ విడదీసి చూపగల అతి చిన్న దూరం, కాంతి తరంగదైర్ఘ్యాన్ని లెన్స్ సామర్థ్యానికి రెట్టింపుతో భాగిస్తే వచ్చేంత. లెన్స్ సామర్థ్యం అంటే అది ఎంత వెడల్పు కోణంలో కాంతిని పట్టుకుంటుంది, మధ్యలో ఉన్న పదార్థం కాంతిని ఎంత వంచుతుంది అన్న రెండూ కలిపిన అంకె. ఆ అంకెకు పేరు పెట్టిందీ అబేనే. ఇప్పటికీ ప్రతి మైక్రోస్కోప్ లెన్స్ ఒంటి మీద అది చెక్కి ఉంటుంది. మరుసటి ఏడాది హెల్మ్‌హోల్ట్స్ అనే గొప్ప శాస్త్రవేత్త వేరే దారిలో ఇదే ఫలితానికి వచ్చాడు.

అంకెల్లో చూద్దాం. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం సుమారు 550 నానోమీటర్లు. మంచి లెన్స్ సామర్థ్యం 1.4. లెక్క వేస్తే సుమారు 200 నానోమీటర్లు వస్తుంది. మన తల వెంట్రుక మందం రమారమి 80,000 నానోమీటర్లు. అంటే వెంట్రుకలో 400వ వంతు దాకా మామూలు మైక్రోస్కోప్ చూడగలదు. టీబీ క్రిమి పొడవు 2,000 నానోమీటర్లకు పైనే, కనబడుతుంది. కరోనా వైరస్ సుమారు 100 నానోమీటర్లు, స్పష్టంగా కనబడదు. అందుకే కరోనా కాలంలో ఏ ఊరి ల్యాబ్‌లోనూ ఆ వైరస్‌ను మైక్రోస్కోప్‌లో చూసి చెప్పలేదు, వేరే పరీక్షలు చేశారు.

ఇది అబేకు ఓటమిలా అనిపించవచ్చు. ఆయన పనిచేసేది మైక్రోస్కోపులు అమ్మే కంపెనీకి. ఇంతకు మించి చూపలేం అని సొంత సరుకు గురించి తానే రాయడానికి ధైర్యం కావాలి. కానీ ఆ హద్దు తెలియడం వల్లే పని ముందుకు సాగింది. ఎక్కడ ఇంకా మెహనత్ చేస్తే ఫలితం ఉంటుందో, ఎక్కడ చేసినా వృథానో తేలిపోయింది. భూతద్దంలా ఊరికే పెద్దది చేసి చూపే బొమ్మకు విలువ లేదని కూడా తేలిపోయింది.

నూనె చుక్క, కొత్త గాజు

హద్దు సూత్రంలోనే దారి కూడా ఉంది. తరంగదైర్ఘ్యం తగ్గించాలి, లేదా లెన్స్ సామర్థ్యం పెంచాలి. లెన్స్‌కూ గాజు పలకకూ మధ్య గాలి ఉంటే ఆ సామర్థ్యం 1 దాటదు. గాలి స్థానంలో గాజు లాగే కాంతిని వంచే నూనె పెడితే? ఇంగ్లండ్‌కు చెందిన స్టీఫెన్‌సన్ ఈ సూచన చేశాడు. అబే లెక్కగట్టాడు. 1878లో జైస్ వర్క్‌షాప్ నుంచి ఆ లెన్స్ బయటికొచ్చింది. వాడింది దేవదారు జాతి చెట్టు నూనె.

ఆ లెన్స్, దానికి కింద నుంచి వెలుగు చేర్చే అబే కండెన్సర్ రాబర్ట్ కోహ్ అనే డాక్టర్ చేతికి వెళ్లాయి. 1882 మార్చి 24న కోహ్ బెర్లిన్‌లో టీబీ క్రిమిని కనుక్కున్నట్టు ప్రకటించాడు. కలకత్తాకు వచ్చి 1884లో కలరా క్రిమిని తేల్చాడు. మన దేశంలో కలరా ఊళ్లకు ఊళ్లను ఊడ్చేసిన రోజులవి. శత్రువు ఎవరో కనబడితేనే కదా పోరాటం.

ఇంకో చిక్కు మిగిలింది. గాజు ఒక్కో రంగును ఒక్కోలా వంచుతుంది కాబట్టి బొమ్మ అంచుల్లో రంగులు పులుముకునేవి. దొరికే గాజు రకాలు కొన్నే, వాటితో లెక్క ఎంత వేసినా కుదరదు. కావాల్సిన గాజు లోకంలో లేదని అబే బహిరంగంగా రాశాడు. 1879లో ఒట్టో షాట్ అనే యువ రసాయన శాస్త్రవేత్త తాను చేసిన కొత్త గాజు గురించి అబేకు ఉత్తరం రాశాడు. పరిచయం పెరిగి, 1884లో యేనాలోనే గాజు ఫ్యాక్టరీ మొదలైంది. అక్కడి కొత్త గాజుతో, ఫ్లోరైట్ అనే ఖనిజంతో 1886లో రంగుల పులుముడు లేని లెన్స్‌లు వచ్చాయి. వేడికి పగలని ల్యాబ్ గాజు కూడా ఆ ఫ్యాక్టరీ నుంచే వచ్చింది.

మైక్రోస్కోప్ విషయంలో తాను కనుక్కున్నవాటికి అబే పేటెంట్ తీసుకోలేదు. ఇది శాస్త్రానికి, రోగులకు పనికొచ్చే వస్తువు, తాళం వేయకూడదని ఆయన పట్టుదల.

ఆస్తి వచ్చింది, దాన్ని ఏం చేశాడు

1870ల మధ్యలోనే జైస్ ఆయన్ను వ్యాపారంలో భాగస్వామిగా చేసుకున్నాడు. 1871లో తన ప్రొఫెసర్ స్నెల్ కూతురు ఎల్సాను పెళ్లి చేసుకున్నాడు. ఇద్దరు కూతుళ్లు పుట్టారు. బెర్లిన్‌లో ప్రొఫెసర్ పదవి ఇస్తామని పిలుపు వచ్చినా యేనా వదల్లేదు. వ్యాపారం పెరిగింది. మిషన్‌కు ఆనుకుని అన్నం తిన్నవాడి కొడుకు కోటీశ్వరుడయ్యాడు.

1888లో కార్ల్ జైస్ చనిపోయాడు. మరుసటి ఏడాది, 1889లో, అబే కార్ల్ జైస్ ఫౌండేషన్ స్థాపించాడు. సంస్థకు తన పేరు కాదు, పోయిన భాగస్వామి పేరు పెట్టాడు. 1891లో తన వాటా మొత్తం ఆ ఫౌండేషన్‌కు రాసిచ్చాడు. జైస్ కొడుకు వాటా కూడా డబ్బిచ్చి తీసుకుని అందులోనే కలిపారు. అప్పటినుంచి ఫ్యాక్టరీకి యజమాని మనిషి కాదు, ఫౌండేషన్. అబే అందులో జీతం తీసుకునే మేనేజర్‌గా ఉండిపోయాడు. మన పాఠకులకు వక్ఫ్ అంటే తెలుసు కాబట్టి ఈ ఏర్పాటు అర్థం చేసుకోవడం తేలిక. చట్టం వేరు, మతంతో సంబంధం లేదు. కానీ ఆస్తిని ఎవరూ అమ్ముకోకుండా, పంచుకోకుండా కట్టేసి, దాని ఆదాయాన్ని మాత్రం పదిమందికి ఖర్చుపెట్టే ఆలోచన దగ్గరిదే.

ఈ లాభాలు తన తెలివి వల్ల మాత్రమే రాలేదని ఆయన నమ్మకం. విశ్వవిద్యాలయం నేర్పిన చదువు ఉంది, తరతరాల శాస్త్రవేత్తల పని ఉంది, వందలమంది కార్మికుల చేతులున్నాయి. కాబట్టి లాభం వాళ్లందరికీ చెందుతుంది. యేనా విశ్వవిద్యాలయానికి డబ్బు వెళ్లింది. ఊరివాళ్లందరూ ఉచితంగా చదువుకునే గ్రంథాలయం, సభలు పెట్టుకునే పెద్ద భవనం వచ్చాయి. అందులో ఏ పార్టీవాళ్లయినా, ఏ అభిప్రాయంవాళ్లయినా సభ పెట్టుకోవచ్చు.

జాలి కాదు, హక్కు

1896లో ఫౌండేషన్ నియమావళి అమల్లోకి వచ్చింది. అందులోని కొన్ని సంగతులు వింటే ఇది 125 ఏళ్ల కిందటిదా అనిపిస్తుంది. పనిలోకి తీసుకునేటప్పుడు, పైకి తెచ్చేటప్పుడు పుట్టుక, మతం, రాజకీయ పార్టీ చూడకూడదు. కార్మికుడికి జీతంతో కూడిన సెలవులు. జబ్బు చేస్తే సాయం. ముసలితనంలో పెన్షన్. లాభాల్లో వాటా. పనిలోంచి తీసేస్తే నష్టపరిహారం. పై అధికారి జీతం ఎంత పెద్దవాడికైనా మామూలు కార్మికుడి సగటు సంపాదనకు 10 రెట్లు దాటకూడదు.

ఇవన్నీ యజమాని దయగా ఇవ్వలేదు, రాసి పెట్టిన హక్కుగా ఇచ్చాడు. అక్కడే అబే గట్టిగా నిలబడ్డాడు. దయ అయితే ఇచ్చిన చెయ్యి రేపు వెనక్కి తీసుకోవచ్చు, తీసుకునేవాడు తల వంచాలి. హక్కు అయితే కార్మికుడు తలెత్తుకుని అడగొచ్చు, కోర్టుకు కూడా వెళ్లొచ్చు. చిన్నప్పుడు తండ్రి మిల్లులో యజమాని ముందు ఎలా నిలబడేవాడో చూసిన కొడుకు రాసిన నియమం ఇది.

1900లో పని గంటలు 9 నుంచి 8కి తగ్గించాడు. అప్పటికి ఫ్యాక్టరీలో 1000 మందికి పైగా ఉన్నారు. జీతం తగ్గలేదు. ఇక్కడ కూడా శాస్త్రవేత్త బుద్ధి పోనిచ్చుకోలేదు. చేసిన పనిని బట్టి కూలి తీసుకునే 200 మందికి పైగా కార్మికుల లెక్కలు, మార్పుకు ముందు ఏడాదివి, తర్వాత ఏడాదివి, పక్కపక్కన పెట్టి చూశాడు. గంట తగ్గినా రోజు మొత్తం మీద తయారైన పని తగ్గలేదు, కాస్త పెరిగింది కూడా. ఆ లెక్కలు ప్రజల ముందు పెట్టాడు.

తండ్రి 14 గంటలు పనిచేసినా, 16 గంటలు పనిచేసినా అది ప్రకృతి పెట్టిన నియమం కాదు. మనుషులు పెట్టిందే. మనుషులు పెట్టింది మనుషులు మార్చవచ్చు. వెలుగు పెట్టిన హద్దును మాత్రం ఒప్పుకోవాలి. ఈ రెండింటికీ తేడా తెలిసిన మనిషి అబే.

చివరి రోజులు, ఆ తర్వాత

ఇతరులకు 8 గంటలు ఇచ్చిన అబే తనకు మాత్రం ఆ నియమం పెట్టుకోలేదు. పగలు ఫ్యాక్టరీ, రాత్రి లెక్కలు. నిద్ర పట్టేది కాదు, మందుల మీద ఆధారపడాల్సి వచ్చింది. 1903లో ఆరోగ్యం పూర్తిగా చెడి బాధ్యతల నుంచి తప్పుకున్నాడు. 1905 జనవరి 14న, 65 ఏళ్లు నిండడానికి కొద్ది రోజుల ముందు, యేనాలోనే చనిపోయాడు.

ఆయన రాసిన నియమాలు అన్ని రోజుల్లోనూ కాపాడలేకపోయాయని కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అదే ఫ్యాక్టరీలో బలవంతంగా తెచ్చిన కార్మికులతో పని చేయించారు. కాగితం మీది హక్కును నిలబెట్టేది చివరికి మనుషులే. యుద్ధం తర్వాత జర్మనీ రెండు ముక్కలైంది, సంస్థ కూడా తూర్పున యేనాలో, పడమట ఓబర్‌కోఖెన్‌లో రెండైంది. జర్మనీ కలిశాక మళ్లీ ఒకటైంది. ఇవాళ్టికీ జైస్, షాట్ కంపెనీల యజమాని ఆ ఫౌండేషనే.

నానో కాలంలో అబే

అబే హద్దు ఇవాళ అందరి జేబులోనూ ఉంది. ఫోన్‌లోని చిప్ మీద గీతలు గీసేది కాంతితోనే. ఎంత సన్నని గీత గీయవచ్చన్నది అబే చెప్పిన సూత్రమే తేలుస్తుంది. 193 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో గీసేవాళ్లు లెన్స్‌కూ చిప్‌కూ మధ్య నీళ్లు పెట్టారు. పాత నూనె చుక్క ఉపాయమే అది. ఇంకా సన్నగా కావాల్సి వచ్చినప్పుడు తరంగదైర్ఘ్యం 13.5 నానోమీటర్లకు దించారు. ఆ కాంతి గాజులోంచి పోదు కాబట్టి లెన్స్‌ల బదులు అద్దాలు వాడతారు. నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ తయారుచేసే ఆ యంత్రాలకు అద్దాలు చేసి ఇచ్చేది జైస్ కంపెనీయే. హైదరాబాద్‌లో, బెంగళూరులో చిప్ డిజైన్ ఉద్యోగాలు చేసే మన పిల్లలు గీతల మధ్య ఇంత దూరం ఉండాలని నియమాలు పాటిస్తారు కదా, వాటి వెనక అబే ఉన్నాడు.

కాంతి తరంగం కన్నా చిన్న పరికరాల దగ్గర కిరణాల లెక్క అస్సలు పనికిరాదు. కాంతిని పూర్తిగా అలగా తీసుకుని మాక్స్‌వెల్ సమీకరణాలను కంప్యూటర్ మీద సాధించాలి. ఇప్పుడు డిజైన్ చేసేవాళ్లు ఆకారం తాము గీయడం లేదు. కాంతి ఇలా మళ్లాలి అని కోరిక చెబితే కంప్యూటర్ కొంచెం కొంచెం మార్చుకుంటూ ఆకారం వెతుకుతుంది. చివరికి వచ్చేది మనిషి ఎవరూ ఊహించని చిత్రమైన మచ్చల నమూనా. అయితే ఇంతకన్నా మంచి ఆకారం ఉందా, లేక ఇదే చివరా అన్నది కంప్యూటర్ వెతుకులాట ఒక్కదానితో తేలదు. అందుకే పరిశోధకులు ఇంకో లెక్క కూడా వేస్తున్నారు. ఏ ఆకారమైనా సరే, ఈ పదార్థంతో, ఈ పరిమాణంలో ఎంతకు మించి సాధ్యం కాదు అని. డిజైన్ ఆ కప్పుకు దగ్గరగా వస్తే ఆపవచ్చు, దూరంగా ఉంటే ఇంకా వెతకాలి. 1873లో అబే వేసిన ప్రశ్నే ఇది.

హద్దుకు షరతులుంటాయని కూడా గుర్తుపెట్టుకోవాలి. మెరిసే అణువులను లేజర్ కాంతితో వెలిగించి ఆర్పుతూ 200 నానోమీటర్ల కన్నా చిన్నవి చూసే పద్ధతులకు 2014లో రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది. స్టెఫాన్ హెల్, ఎరిక్ బెట్జిగ్, విలియం మోర్నర్ పంచుకున్నారు. వాళ్లు అబే లెక్క తప్పని నిరూపించలేదు. ఆ లెక్క ఏ షరతుల మీద నిలబడిందో చూసి, షరతు మార్చి పక్క దారిలో వెళ్లారు. ఇలాంటి కొత్త దారులు రేపు రావచ్చని అబే కూడా తన కాలంలోనే ఒప్పుకుని రాశాడు.

యేనాలో ఆయన స్మారక రాయి మీద ఆ సూత్రం చెక్కి ఉంది. సైన్స్ చదివే పిల్లలున్న ఇళ్లలో ఆ సూత్రంతో పాటు దాని వెనక ఉన్న మనిషి గురించి కూడా చెప్పాలి. ప్రయోగం ఫలించనప్పుడు పక్కవాడిని తిట్టకుండా కారణం వెతకడం, తన సరుకు ఎంతవరకు పనిచేస్తుందో దాచకుండా చెప్పడం, సంపాదన చేతికొచ్చాక ఎవరి కష్టంతో వచ్చిందో మరిచిపోకపోవడం, ఇవి మూడూ ఆ మనిషి దగ్గర నేర్చుకోవచ్చు. మొదటి రెండూ మంచి ఇంజనీర్‌ను చేస్తాయి. మూడోది మంచి మనిషిని చేస్తుంది.